ఐఐటీ ఫారమ్‌కు అరబస్తా ధాన్యం... బ్యాచికి నాలుగెకరాల పంట!

బెంజ్ సర్కిల్ (విజయవాడ): పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి బందరు రోడ్డు బస్సుల్లో ఒక రకం ప్రయాణికులు ఎక్కువవుతారు. తండ్రీ కొడుకు, లేదా తల్లీ కూతురు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మార్కుల జాబితా, ఆధార్ కార్డుల జిరాక్సులు. అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు వైపు నుంచి వచ్చి బెంజ్ సర్కిల్‌లో దిగుతారు. పైవంతెన నీడలో నిలబడి చుట్టూ వున్న బోర్డులకేసి తలెత్తి చూస్తారు. బోర్డుల నిండా పిల్లల ముఖాలు. ముఖం కింద ర్యాంకు.

హైదరాబాదు నుంచి బందరు పోయే రోడ్డు, చెన్నై నుంచి కోల్‌కతా పోయే రోడ్డు కలిసే కూడలి ఇది. ఇక్కడి నుంచి పటమట, కానూరు, పోరంకి దాకా కళాశాలలు, హాస్టళ్లు వరసగా వున్నాయి. డెల్టా పల్లెల వాళ్లు ఏటా పిల్లలను తెచ్చి అప్పగించేది ఈ వరసలోనే.

ఆ వరసలో ఒక కళాశాల ఆఫీసులోంచి బయటకు వచ్చి, టీ బడ్డీ దగ్గర కూర్చుని లెక్కలు వేసుకుంటున్న తండ్రీ కొడుకులను ఈ విలేఖరి పలకరించాడు. పామర్రు అవతల పల్లె. సొంతం రెండెకరాలు. మరో నాలుగు కౌలు. పిల్లవాడికి 600కు 561 మార్కులు వచ్చాయి. ఐఐటీ బ్యాచికి, హాస్టలుతో కలిపి, ఏడాదికి రెండు లక్షలు చెప్పారట. రెండేళ్లకు నాలుగు లక్షలు. ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మితే సరిపోతుంది.

“ఏరా అబ్బాయ్, నీకు నమ్మకముందా? వస్తదంటావా?” అని తండ్రి అడిగాడు.

“రాయకుండా ఎట్టా తెలుస్తది నాన్నా!” అన్నాడు కొడుకు.

పిల్లవాడు చెప్పింది నిజమే. రాయకుండా తెలియదు. అయితే రాయడానికి ఎకరం అమ్మాలా? మన పల్లెల్లో ‘ఐఐటీకి పెట్టాం’ అంటారు. ఈ ఒక్క మాటకు రెండు అర్థాలు వున్నాయి. దరఖాస్తు పెట్టడం ఒకటి. ఐఐటీ బ్యాచి అని పేరున్న హాస్టలు కళాశాలలో పిల్లవాణ్ణి చేర్చడం రెండోది. రెండింటినీ కలిపి ఒకే పనిగా అనుకోవడం వల్ల కొందరు చేతికి మించిన అప్పు చేస్తున్నారు. ఇంకొందరు ‘మనవల్ల ఎక్కడవుతుందిలే’ అని అసలు ఫారమే వేయకుండా వూరుకుంటున్నారు. ఈ రెండో రకం వాళ్లు ఎందరో ఎవరి లెక్కలోనూ వుండరు.

బస్తాల్లో చూస్తే...

రూపాయల్లో చెబితే తలకెక్కదు గనుక ధాన్యంలో చూద్దాం. 2025-26కు కేంద్రం సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777 రూపాయలు.

ఐఐటీలకు మొదటి మెట్టు జేఈఈ మెయిన్ పరీక్ష. 2025లో దాని రుసుము జనరల్ కేటగిరీ మగపిల్లలకు 1,000 రూపాయలు, ఆడపిల్లలకు 800, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 500. వెయ్యి రూపాయలంటే 42 కిలోల ధాన్యం. అరబస్తా పైచిలుకు. అందులో నెగ్గిన వారు రెండో మెట్టు అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. దానికి 2025లో 3,200 రూపాయలు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. అదీ రెండు బస్తాలలోపే.

ఇక హాస్టలు బ్యాచి. ఏడాదికి రెండు లక్షలంటే 112 బస్తాల పైమాటే. ఎకరానికి 30 బస్తాలు పండాయనుకున్నా దాదాపు నాలుగెకరాల పంట. అందులోంచి ఎరువు, పురుగుమందు, కోత మిషను, కౌలు ఇంకా తీయలేదు. అవన్నీ తీస్తే ఆ నాలుగెకరాలకు ఏం మిగులుతుందో రైతులకు ఈ విలేఖరి చెప్పనక్కరలేదు.

కాబట్టి అరబస్తా ప్రశ్నకు జవాబు తేలిక. లెక్కలు, భౌతిక శాస్త్రం ఇష్టపడి చదివే పిల్ల గాని పిల్లవాడు గాని ఇంటర్ ఎంపీసీలో వుంటే, ఏ కళాశాలలో చదువుతున్నా సరే, ఫారమ్ వేయించాల్సిందే. ప్రభుత్వ జూనియర్ కళాశాల అయినా వేయవచ్చు. ఐఐటీ బ్యాచిలో వున్న వాళ్లే రాయాలని ఎక్కడా లేదు. ఆ మాట తెలియని వాళ్లు ఇప్పటికీ మన వూళ్లల్లో వున్నారు. మెయిన్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, ఏప్రిల్‌లో జరుగుతుంది. రెండూ రాస్తే మంచి స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. ఫారాలు 2024లోనూ, 2025లోనూ అక్టోబరు ఆఖరులో మొదలయ్యాయి. అంటే సార్వా కోతలకు కాస్త ముందు.

నాలుగెకరాల ప్రశ్నకు మాత్రం జవాబు అంత తేలిక కాదు. దానికి ముందు ఎదరేముందో చూడాలి.

ఎంతమందికి ఎన్ని సీట్లు?

దేశంలో ఐఐటీలు 23. మన తెలుగు నేల మీద రెండున్నాయి. 2008లో హైదరాబాదు ఐఐటీ, 2015లో తిరుపతి ఐఐటీ వచ్చాయి. 2025లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షల 75 వేల మంది. వారిలో పైనున్న రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే అర్హత ఇచ్చారు. రాసింది 1,80,422 మంది. అర్హులైంది 54,378 మంది. మొత్తం ఐఐటీ సీట్లు 18,160. అంటే మెయిన్ రాసిన ప్రతి 81 మందిలో ఒక్కరికి సీటు. మన వూరి హైస్కూల్లో పదో తరగతి రెండు సెక్షన్లూ కలిపి నిలబెడితే 81 మంది వుంటారేమో. అందులో ఒకరు. అదీ ఆ 81 మందీ దేశంలో లెక్కల్లో గట్టివాళ్లయి వుండాలి.

ఈ అంకెలు చెబితే “అయితే మనకెందుకండీ” అనేవాళ్లున్నారు. అక్కడే ఆగిపోవడం తొందరపాటు. మెయిన్ రాసిన ఫలం ఐఐటీతోనే అయిపోదు. అదే స్కోరుతో 31 ఎన్ఐటీలు వున్నాయి. వాటిలో సుమారు 24 వేల సీట్లు. ప్రతి ఎన్ఐటీలోనూ సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. మన రాష్ట్రానికి 2015లో తాడేపల్లిగూడెంలో ఒకటి వచ్చింది. విజయవాడలో రైలెక్కితే రెండు గంటలు. సగం సీట్లు మన పిల్లలకు కేటాయించి వుండగా ఆ పరీక్ష రాయకపోవడమంటే కాలువలో నీరు వదిలినా మడికి గండి కొట్టకపోవడమే.

ఇందులో ఒక మెలిక వుంది. ‘మన రాష్ట్రం’ అన్నది పుట్టిన వూరును బట్టి కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయితే అదే. పిల్లవాణ్ణి రాజస్థాన్‌లోని కోటాకు గాని, హైదరాబాదుకు గాని పంపి అక్కడే ఇంటర్ పాసు చేయిస్తే ఎన్ఐటీల లెక్కలో వాడు ఆ రాష్ట్రం వాడవుతాడు. తాడేపల్లిగూడెంలో వాడికి సొంత రాష్ట్రం వాటా వుండదు. దూరపు కళాశాలల్లో చేర్చేవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవడం మంచిది.

బోర్డు మీద లేని అంకె

ఇప్పుడు నాలుగెకరాల ప్రశ్నకు వద్దాం. బోర్డు మీద వంద ముఖాలుంటాయి. ఎంతమంది చేరితే ఆ వంద మంది వచ్చారన్నది వుండదు. అడగవలసింది అదే. ‘ఈ బ్రాంచిలో, మా వాణ్ణి వేసే సెక్షనులో, పోయినేడు ఎంతమంది వున్నారు? వారిలో ఐఐటీ ఎందరికి? ఎన్ఐటీ ఎందరికి? తక్కినవాళ్లు ఏమయ్యారు?’ ఆఫీసులో కుర్చీలో వున్నాయన దీనికి సూటిగా జవాబు చెబితే వినండి. చెప్పకుండా కాఫీ తెప్పిస్తే కాఫీ తాగి లేవండి.

పేరుకు అన్నీ ఐఐటీ బ్యాచీలే. అయితే మొదటి సెక్షనుకు వచ్చే మాస్టారు చివరి సెక్షను గడప తొక్కరని పిల్లలను చేర్చిన తల్లిదండ్రులు కొందరు వాపోతున్నారు. సెక్షన్లు పరీక్ష పెట్టి విడదీస్తారు. కింది సెక్షనులో పడ్డ పిల్లవాడి తండ్రి కట్టే ఫీజు మాత్రం కింద పడదు.

బోర్డుల సంగతి ప్రభుత్వం దృష్టికీ వెళ్లింది. కోచింగ్ సంస్థల తప్పుదోవ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. నెగ్గిన పిల్లవాడి సమ్మతి లేకుండా ఫొటో, పేరు వాడరాదని, వాడు ఏ కోర్సు చదివాడో చెప్పాలని అందులో వుంది. అంతకుముందు అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ, 16 ఏళ్లు నిండని వాళ్లను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోరాదని, ర్యాంకు గ్యారంటీ అని చెప్పరాదని సూచించింది. ఆరో తరగతి పిల్లల పుస్తకాల అట్టల మీదే ఐఐటీ అని రాసి వుంటున్న రోజుల్లో ఈ 16 ఏళ్ల మాట వినడానికి బాగానే వుంది.

హాస్టలు బ్యాచి వల్ల మేలు లేదని ఎవరూ అనలేరు. కఠినమైన లెక్కలు రోజూ చేయించే మాస్టార్లు పల్లెల్లో దొరకరు. 1986లో ఆడపిల్లల జూనియర్ కళాశాలగా విజయవాడలో మొదలైన శ్రీచైతన్య వంటి సంస్థలు ఈ ముప్ఫై, నలభై ఏళ్లలో వేలమందిని ఇంజనీర్లను, డాక్టర్లను చేశాయి. ఇది కాదనలేని నిజం. పిల్లవాడు తనంతట తాను కూర్చుని రోజుకు నాలుగు గంటలు లెక్కలు చేసే రకమై, డబ్బు అప్పు చేయకుండా సమకూరే ఇల్లయితే చేర్చవచ్చు. వాడికి ఇష్టం లేక, మీకు ఎకరం మిగలక, బంధువుల అబ్బాయి చేరాడని చేర్చడం మాత్రం తండ్రీ కొడుకులిద్దరికీ శిక్ష. ‘నీ కోసం పొలం అమ్మాం రా’ అన్న మాట నెత్తిన పెట్టుకుని పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లవాడు లెక్క ఏం చేస్తాడు? హాస్టళ్లలో పిల్లల చావు వార్తలు ఈ ప్రాంతపు పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. పిల్లవాడు ఫోనులో అన్నం సయించడం లేదని, నిద్ర పట్టడం లేదని చెబితే ‘సర్దుకో నాన్నా’ అని పెట్టేయకుండా బస్సెక్కి వెళ్లి చూడాలి. మనసు బాగా లేని వారి కోసం 14416 అనే టెలిఫోను నంబరు 2022 నుంచి పనిచేస్తోంది. డబ్బు అక్కరలేదు. తెలుగులో మాట్లాడతారు.

తెలుగు మీడియం వారికి

మెయిన్ ప్రశ్నపత్రం 2021 నుంచి తెలుగులోనూ ఇస్తున్నారు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగులో చదువుకున్న పిల్లవాడు లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థం కాక వెనకబడతాడు. ఇది అన్యాయమని ఈ విలేఖరి అభిప్రాయం. అది మారే దాకా ఇంటర్ మొదటి ఏడాది నుంచే భౌతిక, రసాయన శాస్త్రాల ప్రశ్నలు ఇంగ్లీషులో చదవడం అలవాటు చేసుకోవడం తప్పదు. రెండేళ్ల పాత ప్రశ్నపత్రాలు దగ్గర పెట్టుకుంటే ప్రశ్న అడిగే తీరు పట్టుబడుతుందని లెక్కల మాస్టార్లు చెబుతున్నారు.

ఐఐటీ అంటే ఇంటర్ మార్కులు అక్కరలేదనే అపోహ కూడా వుంది. ఐఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులు గాని, బోర్డులో పై 20 శాతం మందిలో స్థానం గాని వుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. మన రాష్ట్ర ఈఏపీసెట్ ర్యాంకులోనూ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజి వుంది. బ్యాచి మోజులో ఇంటర్ పుస్తకం పక్కన పడేస్తే రెంటికీ చెడిన రేవడి అవుతారు.

అడ్వాన్స్‌డ్ రాయడానికి వరసగా రెండేళ్లలో రెండే అవకాశాలు. అందుకే మొదటిసారి రాకపోతే లాంగ్‌టర్మ్ అని మరో ఏడాది, మరో రెండు లక్షలు అంటారు. మొదటిసారి రెండున్నర లక్షల దరిదాపుల్లోకైనా వచ్చిన వాడికి దాన్ని గురించి ఆలోచించవచ్చు. ఆమడ దూరంలో వున్నవాడికి మంచి ఇంజనీరింగు కళాశాల చూసుకోవడమే మేలు.

పదితోనే తలుపు తట్టవచ్చు

మెట్టు మెట్టుకూ పరీక్షలు రాసి చదువుకు ఎన్నికవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1972లో తాడికొండ గురుకుల పాఠశాల పెట్టినప్పటి నుంచి పల్లెటూరి పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి, నెగ్గి, ట్రంకు పెట్టెతో వెళ్లి చదువుకుంటూనే వున్నారు. వాళ్లను పంపడానికి ఎవరూ పొలం అమ్మలేదు.

అటువంటిదే ఇప్పుడు నూజివీడులో వుంది. రాజీవ్ గాంధీ సాంకేతిక విజ్ఞాన విశ్వవిద్యాలయం, జనం నోట ట్రిపుల్ ఐటీ. 2008లో పల్లె పిల్లల కోసమనే పెట్టారు. పదో తరగతి మార్కులతోనే ఎంపిక. ప్రభుత్వ బడుల్లో చదివిన వాళ్లకు వెనుకబాటు కింద మార్కులకు 4 శాతం కలుపుతారు. రెండేళ్లు పియుసి, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు. హాస్టలు అక్కడే. పది ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే ఫారాలు ముగిసిపోతాయి గనుక బెంజ్ సర్కిల్‌లో ఫీజు కట్టడానికి ముందే దీనికి దరఖాస్తు పెట్టాలి. కళాశాలలో డబ్బు కట్టిన తరువాత నూజివీడు సీటు వస్తే ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకు తెలుసు.

పైన చెప్పిన పామర్రు వైపు రైతు చేసిందీ అదే. నూజివీడుకు దరఖాస్తు పెట్టించాడు. అది రాని పక్షంలో ఉయ్యూరులో పగలు వెళ్లి వచ్చే కళాశాల, సాయంత్రం వూళ్లో రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర పాఠం అని అనుకున్నారు. ఎకరం బేరం నిలిపేశారు. మెయిన్ ఫారమ్ మాత్రం ఎక్కడ చదివినా వేస్తానని కుర్రవాడు ముందే మాట పుచ్చుకున్నాడు.

సీటొచ్చాక ఖర్చు భయమెందుకు?

చిత్రమేమిటంటే సీటు రాకముందు లక్షలు పోయడానికి జంకని వాళ్లు, సీటొచ్చాక ఫీజు కట్టలేమని ఫారమే వేయరు. ఐఐటీ ట్యూషన్ ఫీజు 2016 నుంచి ఏడాదికి రెండు లక్షలు. కాని ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం లక్ష లోపు వుంటే ఎవరికైనా పూర్తిగా మాఫీ. లక్ష నుంచి అయిదు లక్షల దాకా మూడింట రెండొంతులు మాఫీ, అంటే కట్టవలసింది సుమారు 67 వేలు. హాస్టలు, భోజనం వేరు. దానికి బ్యాంకులు అప్పిస్తాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పిఎం విద్యాలక్ష్మి పథకం కింద పేరున్న విద్యాసంస్థల్లో సీటు వస్తే పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం వున్న కుటుంబాలకు పది లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ తగ్గింపు వుంది. సీటుకు అప్పు పుడుతుంది. బ్యాచికి పొలమే పోతుంది.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. 2018 నుంచి ఐఐటీల్లో వారికోసం అదనపు సీట్లు కలిపారు. దాంతో ప్రతి అయిదు సీట్లలో ఒకటి ఆడపిల్లకు దక్కేలా చేశారు. మగపిల్లలకు సీటు రాని ర్యాంకుకు కూడా ఆడపిల్లకు రావచ్చు. అయినా “ఆడపిల్లను అంత దూరం ఎట్టా పంపుతామండీ” అంటూ అన్నకు వేసిన ఫారమ్ చెల్లెలికి వేయని ఇళ్లున్నాయి. దూరమేమిటి? తాడేపల్లిగూడెం దూరమా? ఏర్పేడు దగ్గరున్న తిరుపతి ఐఐటీ దూరమా? ఏడాదికోసారి తిరుపతి కొండకు వెళ్లి వచ్చే వాళ్లే ఈ మాట అనడం వింత.

కాగితాల దగ్గర పోయే సీట్లు

ర్యాంకు వచ్చి కూడా కాగితం లేక సీటు పోగొట్టుకోవడం అన్నిటికంటె బాధ. బీసీ పిల్లలకు కేంద్ర జాబితా ప్రకారం, కేంద్రం నమూనాలో ఇచ్చిన ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో వాడే మామూలు కుల ధ్రువీకరణ పత్రం పనికిరాదు. అది కూడా ఆ యేడు ఏప్రిల్ 1 తరువాత తీసుకున్నది అయివుండాలి. అగ్రవర్ణ పేదల కోటా అయిన ఈడబ్ల్యుఎస్‌కూ అంతే. ఆ కోటాకు ఆదాయం ఎనిమిది లక్షలలోపు వుంటే చాలదు. కుటుంబానికి అయిదు ఎకరాలు, ఆపైన సాగు భూమి వుంటే వర్తించదు. తాత పేరున వున్నది, తండ్రి పేరున వున్నది ఏదెంతో తహసీల్దారు కార్యాలయంలో ముందుగానే తేల్చుకోవాలి.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో మరొక రకంగా వుండడం మన పల్లెల్లో మామూలే. ఫారమ్ ఆఖరి రోజున నెట్ సెంటరులో కూర్చున్నప్పుడు అది బయటపడుతుంది. పదో తరగతి పాసైన వేసవిలోనే సచివాలయానికి వెళ్లి సరిచేయించుకుంటే ఇంటర్ రెండో ఏడాది అక్టోబరుకు నిశ్చింతగా వుండవచ్చు. ఫారమ్‌లో ఇచ్చే ఫోను నంబరు నెట్ సెంటరు వాళ్లది కాకుండా ఇంట్లో వాళ్లదే ఇవ్వాలి. సీట్ల కేటాయింపు సమయంలో వచ్చే కబుర్లన్నీ ఆ నంబరుకే వస్తాయి. గడువు రెండు మూడు రోజులకు మించి వుండదు.